అదను దాటకముందే: అనుకున్నవి భయపడకుండా చేయడం ఎలా?

మన సీమ మనుషులను భయస్తులని ఎవరూ అనలేరు. పక్క పొలంలో మూడు బోర్లు ఎండిపోయాయని తెలిసి కూడా, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెయ్యి అడుగుల బోరు దింపేస్తాం. వాన వస్తుందో రాదో తెలియకుండానే వేరుశనగ విత్తేస్తాం. తొలకరి పడగానే కూలి మానుకుని జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం తలవంచుకుని తిరిగేవాళ్లూ మనలో ఉన్నారు. అదే మనిషి చేతికి కూతురి పెళ్లిలో మైకు ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడమనండి, కాళ్లు వణుకుతాయి. నలభై ఏళ్ల ఆమెను స్కూటీ నేర్చుకోమనండి, "ఈ వయసులోనా? జనం నవ్వరూ?" అంటుంది. ధైర్యం ఉంది. దాన్ని ఎక్కడ వాడటం లేదో చూసుకోవాలి, అంతే.

ఇది డబ్బున్నవాళ్లకు చెప్పే సలహా అనుకోవద్దు. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి (కూలి పనులకు వలస) పోయే కుటుంబానికైనా, బెంగళూరులో అద్దె గదిలో ఉండే కుర్రాడికైనా పనికొచ్చేవే రాస్తున్నాను. మొదలుపెట్టడానికి ఒక నోటు పుస్తకం, ఒక ఆదివారం సాయంత్రం చాలు.

మొదట లెక్క వేయండి

మన దేశంలో సగటు ఆయుర్దాయం 70 ఏళ్ల దగ్గర ఉంది. నలభై దాటినవాళ్లకు నిజానికి ఇంకాస్త ఎక్కువే వస్తుంది, ఎందుకంటే ఆ సగటులో పసితనంలో పోయిన పిల్లలు కూడా కలిసి ఉంటారు. అయినా మీ ఆయుష్షు లెక్క అంత అవసరం లేదు. మీకు బాగా కావలసిన ఒక మనిషితో ఇంకా ఎన్నిసార్లు కూర్చుంటారో లెక్కపెట్టండి.

ఉదాహరణకు మీరు బెంగళూరులో పనిచేస్తూ సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు అనంతపురం వస్తారనుకుందాం. అమ్మకు 68. ఇంకో పన్నెండేళ్లు తిరుగుతూ, మాట్లాడుతూ ఉంటుందనుకున్నా మిగిలింది 36 సార్లు. ప్రతిసారీ రెండు రోజులు అనుకుంటే 72 రోజులు. అందులో సగం మీరు ఫోను చూస్తూ గడుపుతారు. ఈ అంకె పుస్తకంలో మొదటి పేజీలో రాయండి. కడుపులో ఏదో తిప్పినట్టు ఉంటుంది. ఉండనీయండి, మిగతా పనులన్నీ చేయించేది అదే.

ఈ లెక్క మీద కూడా నమ్మకం పెట్టుకోలేం. 2009 అక్టోబరు 2న కర్నూలు ఊళ్లోకి తుంగభద్ర, హంద్రి వచ్చినప్పుడు మిద్దెలెక్కి కూర్చున్నవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్ల మీద పడినప్పుడు చూసినవాళ్లకూ అంతే.

పత్తికొండలో పోయిన తెల్లదొర థామస్ మన్రో సంగతి నాకు తరచూ గుర్తొస్తుంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (అంటే మన సీమ, బళ్లారి) కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. పదవి వదిలి ఇంటికి పోదామనుకున్నాడు, బర్మా యుద్ధం వచ్చింది, ఆగిపోయాడు. భార్య ముందే ఇంగ్లండు వెళ్లిపోయింది. ఓడ ఎక్కేముందు తను తిరిగిన సీమ ఊళ్లు ఒకసారి చూసి వద్దామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న ప్రాంతం మనది. గవర్నరుకే ఇంటికి పోయే వీలు చిక్కలేదని ఈ కథ చెప్పేవాళ్లు చెబుతారు. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఇష్టమైన ఊళ్లను చూసే పని మాత్రం ఆయన వాయిదా వేయలేదు.

పట్టీ రాయండి, గడువు చూసి వరస పెట్టండి

చేయాలనుకున్నవన్నీ రాయండి. ఇరవై వస్తే ఇరవై, మూడే వస్తే మూడు. చిన్నవి కూడా రాయాలి. ఒంటరిగా హోటల్లో కూర్చుని ఉగ్గాని బజ్జి తినడం, మానేసిన హార్మోనియం మళ్లీ పట్టుకోవడం, తమ్ముడితో ఆరేళ్లుగా లేని మాటలు కలపడం, ఏదైనా సరే.

రాశాక చాలామంది ముఖ్యమైనవి పైన, చిన్నవి కింద పెడతారు. అలా చేస్తే ఇల్లు, కారు, బంగారం పైకి వచ్చి కూర్చుంటాయి. ఇక్కడ మన రైతు పద్ధతి వాడాలి. అనంతపురంలో వానాధారం వేరుశనగను జూన్, జూలైలో విత్తుతారు. జూలై దాటిపోతే ఉలవో జొన్నో వేసుకుంటారు. ఏ పంటకు ఎంత ధర అనే మాట తర్వాత, అదను ఉందా లేదా అన్నది ముందు. మీ పట్టీలో ప్రతి పనికీ అదను ఎప్పుడు దాటిపోతుందో పక్కన రాయండి.

మోకాళ్ల మీద ఆధారపడినవి ఉంటాయి. ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం ఎక్కాలని ఉంటే దానికి రిటైరుమెంటు దాకా ఆగడం తెలివైన పని కాదు. పిల్లల వయసు మీద ఆధారపడినవి ఉంటాయి. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా మనం తిరగొచ్చు. తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ చీకట్లో మీ చెయ్యి వదలడు. పదహారేళ్లవాడు స్నేహితులతో పోతానంటాడు.

అన్నిటికంటే ముందు అదను దాటేవి పెద్దవాళ్లతో ముడిపడినవి. వీటిని వదలకండి. అవ్వ దగ్గర కూర్చుని ఫోనులో రికార్డింగ్ పెట్టి అడగండి: చిన్నప్పుడు కరువు వచ్చినప్పుడు ఏం తిన్నారు, విసురురాయి తిప్పుతూ ఏ పాట పాడేవాళ్లు, ఆమె పెళ్లికి ఓళిగలు ఎంతమందికి చేశారు, పెళ్లికాక ముందు ఆమెకు ఏమవ్వాలని ఉండేది. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, మనలో చాలామంది ఇంట్లో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు. "నాకేం గుర్తుందిరా" అంటుంది. పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టండి, మాటలు అవే వస్తాయి. అరగంట చాలు, అలసిపోతే ఇంకో రోజు. ఫైలుకు ఆమె పేరు, తేదీ పెట్టి ఇంకో ఇద్దరికి పంపండి. ఫోను పోతే గొంతు కూడా పోతుంది.

ఇల్లు, కారు పట్టీలో ఉండనీయండి. వాటి అదను ఇప్పట్లో దాటదు కాబట్టి అడుగుకు పోతాయి.

భయాన్ని మూడు కుప్పలుగా వేరు చేయండి

పట్టీలో ప్రతి పని పక్కన "ఎందుకు చేయలేదు?" అని రాయండి. వచ్చే జవాబులు దాదాపు అన్నీ మూడు రకాలే. ప్రాణానికి ప్రమాదం, డబ్బు, నలుగురు. మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

నిజంగా ప్రాణం పోయే అవకాశం ఉన్న చోట భయం మంచిదే. అక్కడ చేయాల్సింది పని నేర్చుకోవడం. ఈత రాదు, నేర్చుకోవాలని ఉంది అంటే నేర్పే మనిషి ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు పోండి. బెండ్లు కట్టుకుని బావిలో దిగే రోజుల్లో పైన నలుగురు పెద్దవాళ్లు చూస్తూ ఉండేవారు. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువలోనూ పొలాల్లో తవ్విన నీటి గుంతల్లోనూ ఒంటరిగా దిగి పిల్లలు పోతున్నారు. కాలువ నీళ్లు పైకి నెమ్మదిగా కనిపిస్తాయి, లోపల లాగేస్తాయి. గండికోటలో పెన్న లోయ చూడాల్సిందే, జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే. అంచు చివరకు పోయి సెల్ఫీ తీసుకోవడాన్ని మాత్రం నేను ధైర్యం కింద లెక్కపెట్టను. బండి మీద హెల్మెట్ పెట్టుకోవడం, ముప్పై దాటితే ఏటా ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోవడం కూడా ఈ కుప్పలోవే. పీహెచ్‌సీలో ఉచితంగా చూస్తారు, పెద్ద తతంగమేమీ లేదు.

డబ్బు భయాన్ని అంకెగా మార్చండి. "చాలా ఖర్చవుతుంది" అని తలలో తిరుగుతున్నంతసేపూ అది కొండంత ఉంటుంది. కర్నూలు నుంచి నలుగురు బెలుం పోయి రావడానికి బస్సు చార్జీలు, టికెట్లు, భోజనం కలిపి రాసి చూడండి. చాలాసార్లు ఒక పెళ్లిలో చదివించే డబ్బుల కంటే తక్కువే తేలుతుంది. పెద్ద నిర్ణయమైతే, అంటే ఉద్యోగం మానేయడం, అంగడి పెట్టడం లాంటివైతే, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, కట్టాల్సిన వడ్డీలు పక్కన పెట్టాకే కదలండి. జీవితం చిన్నది కదా అని అప్పు తెచ్చి ఉద్యోగం వదిలేయమని చెప్పేవాళ్ల మాట నేనైతే వినను. వాళ్లు మీ వడ్డీ కట్టరు.

ఇక నలుగురు. మన వైపు ఎక్కువ బతుకులు ఆగిపోయేది ఇక్కడే.

ముందు ఆ నలుగురి పేర్లు రాయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి, ఎదురుగా పేర్లు. చాలామందికి రెండో పేరు దగ్గరే పెన్ను ఆగిపోతుంది. ఒక మేనత్త, ఒక పెద్దనాన్న, లేదా వీధి చివర అరుగు మీద కూర్చునే ఒకాయన, అంతే. ఊరంతా చూస్తుందనుకున్నది తీరా చూస్తే ఇద్దరు మనుషులు. ఇప్పుడు ఆ పేర్ల పక్కన ఇంకోటి రాయండి: మీ ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు వీళ్లలో ఎవరు వచ్చారు? వచ్చిన మనిషి ఉంటే, ఆ మనిషి మాటకు విలువ ఇవ్వండి, ముందే వెళ్లి "నేను ఫలానా పని చేయబోతున్నా" అని మీ నోటితో చెప్పండి. ముందు చెప్తే పెద్దరికం ఇచ్చినట్టుంటుంది, సగం వ్యతిరేకత అక్కడే పోతుంది. రాని మనిషి అయితే ఆ పేరు కొట్టేయండి.

ఇందులో ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. మగవాడు ఒంటరిగా గండికోట పోతే ట్రిప్, ఆడమనిషి పోతే "ఇంట్లో ఏమైందో" అని గుసగుసలు. భర్త పోయిన ఆమె పెళ్లి పందిట్లో వెనక వరసలో కూర్చోవడం ఇంకా చూస్తూనే ఉన్నాం. ఆమెకు "మీరు ధైర్యంగా ఉండాలి" అని చెప్పి ఊరుకోవడం అన్యాయం, అక్కడ ధైర్యం చేయాల్సింది చుట్టూ ఉన్నవాళ్లు. మీ ఇంట్లో పెళ్లి ఉంటే ముందు రోజే ఆమె దగ్గరికి పోయి "పిన్నీ, రేపు అక్షింతలు నువ్వే ముందు వేయాలి, నా పక్కన కూర్చోవాలి" అని చెప్పండి. అప్పటికప్పుడు పందిట్లో పిలిస్తే ఆమె ఇబ్బంది పడుతుంది. ఎవరైనా ఏమైనా అంటే జవాబు మీరే ఇవ్వాలి, ఆమెతో చెప్పించకూడదు.

కాగితాలు సర్దండి

చావు గురించిన కాగితాలు రాస్తే అపశకునమని మన ఇళ్లల్లో ముట్టుకోరు. రాసి పెట్టినవాళ్లను చూడండి, ఎంత తేలిగ్గా తిరుగుతారో. తలలో వెనకాల మోగుతున్న గంట ఆగిపోతుంది.

వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీరు సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టుకోకపోవడం మంచిది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. సొంత సంపాదనకూ, ఉమ్మడి ఆస్తిలో మీ వాటాకూ రాసుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు నామినీని పెట్టాం కదా అనుకుంటారు చాలామంది. నామినీ ఆ డబ్బు తీసుకోగలిగే మనిషి మాత్రమే, వారసులు వేరే ఉంటే అది వాళ్లకు చేరాల్సిందే.

ఇంకో కాగితం ఉంది, మన వైపు తెలిసినవాళ్లు తక్కువ. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరు లాంటివి పెట్టి ప్రాణం సాగదీయవద్దని, అప్పుడు నా తరఫున ఫలానా వాళ్లు నిర్ణయం తీసుకోవాలని ముందే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దీన్ని ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలు. రాసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇంట్లో ఆ మాట ఒకసారి ఎత్తడం మాత్రం అవసరం. ఐసీయూ బయట నిలబడిన కొడుకు మీద ఆ భారం మొత్తం పడకుండా ఉంటుంది.

పాసు పుస్తకం, ఇన్సూరెన్సు బాండ్లు, బంగారం తాకట్టు రసీదులు ఎక్కడున్నాయో ఒక పేజీలో రాసి ఇంట్లో ఒకరికి చూపించండి. కర్నూలు వరదలో బీరువాలు మునిగాక కాగితాలు ఎండబెట్టుకున్నవాళ్లను అడిగితే, ఫొటోలు తీసి డిజిలాకర్‌లోనో మెయిల్‌లోనో పెట్టుకోమంటారు.

మెట్లు కట్టండి

ఇప్పుడు పట్టీలో మొదటి పని తీసుకోండి. దాన్ని ఒకేసారి చేయాలనుకోవద్దు. మైకు భయమే తీసుకుందాం. మొదట ఇంట్లో తలుపేసుకుని ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడి వినండి. మన గొంతు మనకే వింతగా ఉంటుంది, అందరికీ అంతే. తర్వాత ఇంట్లో ఇద్దరి ముందు. తర్వాత భజనలోనో, డ్వాక్రా మీటింగులోనో, రైతు సేవా కేంద్రంలోనో లేచి ఒక ప్రశ్న అడగండి. ప్రశ్న అడగడం మాట్లాడటం కంటే తేలిక, పది సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత బడి వార్షికోత్సవంలో రెండు మాటలు. పెళ్లి మైకు చివరి మెట్టు.

స్కూటీ కూడా అంతే. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోండి, ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు దాటాక లైసెన్సుకు పోవచ్చు. మొదటి వారం తెల్లవారుజామున కాలేజీ గ్రౌండు, తర్వాత వీధి, తర్వాతే మెయిన్ రోడ్డు.

ఒక్కో మెట్టు దగ్గర గుండె దడదడలాడుతుంది, గొంతు ఎండుతుంది, చేతులు చెమటలు పడతాయి. అది అడ్రినలిన్ చేసే పని. పారిపోకుండా అక్కడే ఉంటే ఆ ఉధృతి తనంతట తనే తగ్గడం మొదలవుతుంది. పారిపోతే "పారిపోయాను కాబట్టి బతికాను" అని మెదడు రాసిపెట్టుకుంటుంది, వచ్చేసారి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అందుకే మెట్టు చిన్నది పెట్టుకోండి, ఎక్కాక మాత్రం దడ తగ్గేదాకా దిగొద్దు. ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా ఇలాంటి దడ వస్తుంటే, ఛాతీలో నొప్పి ఉంటే, ముందు డాక్టరుకు చూపించుకోండి. గుండెలో ఏమీ లేదని తేలినా భయం వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మొదటి మెట్టు మూడు రోజుల్లోపు ఎక్కాలి. "చూద్దాంలే" అన్న పని సంక్రాంతి నుంచి సంక్రాంతికి పోతుంది. క్యాలెండరులో తేదీ మీద గుండ్రం చుట్టండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. గోడ మీద చుట్టిన తేదీ గురించి పిల్లలే రోజూ అడుగుతారు, వాళ్లను మించిన అలారం లేదు.

వయసు అయిపోయింది అనేవాళ్లకు

స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చేటప్పటికి ఆయనకు 49 ఏళ్లు. అంతకుముందు ఏళ్ల తరబడి పనిచేసిన మహారాష్ట్ర నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. భాష కొత్త, ఊరు కొత్త, కరువు నేల. అక్కడ మొదలుపెట్టి 2009లో చనిపోయేదాకా నలభై ఏళ్లు పనిచేశాడు. ఆయన పెట్టిన సంస్థ ఆర్‌డీటీ కట్టించిన ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి చూసినవాళ్లెవరూ ఆయన ఆలస్యంగా మొదలుపెట్టాడని అనరు. మనం అంత చేయక్కర్లేదు. యాభై దాటాక కోలాటం నేర్చుకుంటే చాలు.

ప్రతి ఉగాదికి పట్టీ తీయండి

పచ్చడి తిన్నాక, పంచాంగం వినేముందు పుస్తకం తీసి చేసినవి కొట్టేయండి, అదను దాటిపోయినవి కూడా కొట్టేయండి. దాటిపోయిన దాని మీద బాధపడుతూ ఆ పూట పాడు చేసుకోవద్దు. మూడేళ్లుగా ఒక్క మెట్టు కూడా కదలని పని ఉంటే, అది నిజంగా మీకు కావాలా, లేక ఎవరినో చూసి రాసుకున్నదా అని అడగండి.

ఆ రోజే ఇంట్లో పెద్దవాళ్ల పట్టీ కూడా అడిగి రాయండి. "నాకేం కావాలి, మీరు బాగుంటే చాలు" అంటారు. ఒప్పుకోవద్దు, రెండోసారి అడగండి. కాశీ అంటారేమో, పుట్టిన ఊరు అంటారేమో, చిన్నప్పటి స్నేహితురాలిని చూడాలంటారేమో. నడవలేని వాళ్లయితే దగ్గర్లో, మెట్లు లేని చోటు వెతకండి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అలాంటిదే. దాదాపు ఐదెకరాల మీద కొమ్మలు పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఎక్కే పని లేదు, నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టొచ్చు. ఎండాకాలం వద్దు, డిసెంబరు, జనవరి బాగుంటాయి. పొద్దున్నే బయల్దేరండి, మాత్రలు, నీళ్లు, మడత కుర్చీ బండిలో పెట్టుకోండి, దారిలో బాత్రూం ఉన్న పెట్రోలు బంకు ఎక్కడుందో ముందే చూసుకోండి. పెద్దవాళ్లు ప్రయాణం వద్దనడానికి సగం కారణం అదే, నోరు తెరిచి చెప్పరు.